చెయ్యి పట్టుకునే పనికీ చదువుంది, చెల్లీ!

పెళ్లై మెల్‌బోర్న్‌కో సిడ్నీకో వచ్చాం. సామాన్లు సర్దుకోవడం అయిపోయింది. ఆయన ఆఫీసుకి వెళ్లాక, పొద్దున్న పదింటికల్లా ఇంట్లో పనులన్నీ అయిపోయాక, మనందరికీ వచ్చే ఆలోచన ఒకటే కదా: "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" మనం చదివిన చదువుకి ఇక్కడ ఉద్యోగం వెంటనే దొరకదు. ఆ దిగులు ఎవరితోనో చెప్పుకుంటే, "సర్ట్ త్రీ చేసెయ్యవే, ఏజ్డ్ కేర్‌లోనో డిజెబిలిటీ సపోర్ట్‌లోనో పని దొరుకుతుంది" అంటారు. మనసు ఒక్క క్షణం తేలికపడుతుంది. వెంటనే ముల్లు గుచ్చుకుంటుంది. "బీటెక్ చదివించింది ఆయా పని చెయ్యడానికా?" అని ఊళ్లో అమ్మ అంటుందేమో, అత్తగారు చుట్టాలకి ఏమని చెప్పుకుంటారో అని. కాస్త టీ పెట్టుకుని కూర్చో. ఒక్కొక్క బెంగా తీసి పక్కన పెడదాం.

ముందు ఆ ముల్లు సంగతే చూద్దాం. మనవాళ్లే కాదు, ఈ దేశమూ చాలాకాలం ఈ పనిని చిన్నచూపే చూసింది. ఇక్కడ కనీస వేతనాలు నిర్ణయించే ఫెయిర్ వర్క్ కమిషన్ దీని మీద పెద్ద విచారణే జరిపింది. ఇది ఆడవాళ్లు చేసే పని, వాళ్లకి ఎలాగూ వచ్చే పని అనుకోవడం వల్లే ఏజ్డ్ కేర్ పనికి ఇన్నేళ్లూ తక్కువ విలువ కట్టారని తేల్చింది. 2023 జూన్ 30 నుంచి పెద్దవాళ్లకి నేరుగా సేవ చేసేవాళ్ల కనీస వేతనం 15 శాతం పెంచింది. ఒక దేశం విచారణ జరిపి మరీ "ఇది నైపుణ్యం ఉన్న పని" అని ఒప్పుకున్నాక, మనం తలదించుకోవడం ఎందుకు? అమ్మ అడిగితే ఇదే చెప్పు. "సపోర్ట్ వర్కర్‌ని అమ్మా, దీనికి చదువుంది, పరీక్షలున్నాయి, అనుమతులున్నాయి" అని స్థిమితంగా చెప్పు. నువ్వు నసుగుతూ చెబితేనే వాళ్లకి అనుమానం వస్తుంది.

దీని వెనకే ఇంకో మాట మన నోటే వస్తుంది. "నానమ్మ మంచంలో ఉంటే రెండేళ్లు నేనే చూశాను, నాకు మళ్లీ ట్రైనింగ్ ఎందుకు?" అని. ఆ రెండేళ్లూ ఊరికే పోవు. నీ ఓర్పుకి అదే పునాది. కానీ ఒక్కటి ఆలోచించు. ఎవరైనా పెద్దాయన దాహం అంటే మనం ఏం చేస్తాం? పరుగెత్తుకెళ్లి గ్లాసుడు నీళ్లు తెచ్చిస్తాం. ఆయనకి పక్షవాతం వచ్చి మింగడం కష్టమైతే, ఆ పల్చటి నీళ్లే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకి రావచ్చు. ఆస్ట్రేలియాలో తినేవాటికీ తాగేవాటికీ ఎంత చిక్కగా, ఎంత మెత్తగా ఉండాలో 0 నుంచి 7 వరకు అంకెలు పెట్టారు. ఎవరికి ఏ అంకె ఇవ్వాలో, వాళ్లని ఎలా చూసుకోవాలో చెప్పే కేర్ ప్లాన్‌లో రాసి ఉంటుంది. గ్లాసు చేతికిచ్చే ముందు అది చూడాలి. ప్రేమ మనకి ఇంట్లోనే వచ్చింది. ఆ ప్రేమ ఎవరికీ హాని చెయ్యకుండా చూసేది శిక్షణ.

ఇంతకీ ఆ చదువేమిటో చూద్దామా? అందరూ సర్ట్ త్రీ అనేదాని పూర్తి పేరు సర్టిఫికెట్ త్రీ ఇన్ ఇండివిడ్యువల్ సపోర్ట్. మొత్తం 15 పాఠ్యాంశాలు. అందులో 9 అందరూ చదవాల్సినవి, 6 మనం ఎంచుకునేవి. ఆ ఎంపికని బట్టి పెద్దవాళ్ల వైపుకో, వైకల్యం ఉన్నవాళ్ల వైపుకో, రెండిటి వైపుకో మొగ్గు చూపొచ్చు. రెండూ కలిపి చెయ్యగలిగితే చెయ్యమంటాను, పని దొరికే దారులు పెరుగుతాయి. దీనితో పాటు కనీసం 120 గంటలు నిజమైన చోట పని చెయ్యాలి. దాన్నే ప్లేస్‌మెంట్ అంటారు. నీ మనసు కుటుంబ సమస్యల వైపో, ఇల్లు లేనివాళ్ల వైపో, యువత వైపో ఉంటే, కమ్యూనిటీ సర్వీసెస్‌లో సర్టిఫికెట్లూ డిప్లమాలూ వేరేగా ఉన్నాయి. ఏది నీకు సరిపోతుందో తొందరపడకుండా చూసుకో.

డబ్బు బెంగ చిన్నదేం కాదు, తెలుసు. ఫీజు కాలేజీకో రకం, వీసాకో రకం. టాఫే అంటే ప్రభుత్వం నడిపే వృత్తి శిక్షణ కాలేజీ. విక్టోరియాలో 2019 నుంచి ఫ్రీ టాఫే పథకం ఉంది. ఇలాంటి కోర్సులకి అందులో ట్యూషన్ ఫీజు ఉండదు. కానీ అది ముఖ్యంగా పౌరులకీ పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్నవాళ్లకీ. మిగతా రాష్ట్రాల్లోనూ రాయితీలున్నాయి, నియమాలు వేరు. అందుకే పక్కింటి అమ్మాయి ఎంత కట్టిందో అడిగి లెక్కలు వేసుకోకు. నీ వీసా కాగితం పట్టుకుని టాఫేకి ఫోన్ చేసి, "నా వీసాకి ఎంతవుతుంది?" అని నేరుగా అడుగు. పని గంటల సంగతీ అప్పుడే తేల్చుకో. విద్యార్థి వీసా మీద ఉంటే, క్లాసులు నడిచే రోజుల్లో రెండు వారాలకి 48 గంటలు మించి పని చెయ్యకూడదు. "కేర్ పనికి పరిమితి లేదు" అని ఎవరైనా అంటే అది పాతమాట. 2023తోనే ఆ వెసులుబాటు అయిపోయింది.

ఇక్కడ మాత్రం కాస్త గట్టిగా చెబుతాను, ఏమనుకోకు. "క్లాసులకి రానక్కర్లేదు, ప్లేస్‌మెంట్ సంతకాలు మేమే పెట్టించేస్తాం, వారంలో సర్టిఫికెట్" అనే చోటికి వెళ్లొద్దు. డబ్బు తక్కువైనా వెళ్లొద్దు, మనవాళ్లే నడుపుతున్నా వెళ్లొద్దు. శిక్షణ సంస్థల మీద నిఘా పెట్టే జాతీయ సంస్థ అస్క్వా, 2024 చివరి నుంచి అలాంటి చోట్ల ఇచ్చిన వేలమంది సర్టిఫికెట్లు రద్దు చేస్తూ వచ్చింది. అందులో కేర్ పని చదువులూ ఉన్నాయి. డబ్బు పోవడం ఒక ఎత్తు. ఏమీ నేర్చుకోకుండా ఒక పెద్దావిడని మంచం మీంచి లేపబోయి పడేస్తే ఆ బాధ ఎవరు తీరుస్తారు? చేరే ముందు ట్రైనింగ్ డాట్ గవ్ డాట్ ఏయూ సైటులో ఆ సంస్థ పేరూ కోర్సు పేరూ ఉన్నాయో లేదో చూసుకో. ప్లేస్‌మెంట్ ఎక్కడ, ఎవరు చూపిస్తారు అని అడుగు. జవాబు కాగితం మీద తీసుకో.

ఇంగ్లిష్ గురించి కూడా బెంగే కదా? చేరే ముందు చదవడం, రాయడం, లెక్కలు ఎలా వచ్చో ఒక చిన్న పరీక్ష పెడతారు. అది నిన్ను ఆపడానికి కాదు, నీకు ఎక్కడ సాయం కావాలో తెలుసుకోవడానికి. మనకి పుస్తకం ఇంగ్లిష్ వచ్చు, ఇక్కడి పెద్దవాళ్ల యాస కొత్త. టిఫిన్‌ని బ్రెక్కీ అంటారు, మధ్యాహ్నాన్ని ఆర్వో అంటారు. రోజూ కాసేపు ఇక్కడి రేడియో పెట్టుకుని వంట చేసుకో. లైబ్రరీల్లో మాట్లాడుకునే ఇంగ్లిష్ తరగతులు ఉచితంగా జరుగుతుంటాయి, వెళ్లు. అర్థం కానప్పుడు తల ఊపెయ్యడం మన అలవాటు. ఈ పనిలో ఆ అలవాటు మానుకోవాలి. "ఇంకోసారి చెబుతారా?" అని అడిగితే ఎవరూ చిన్నబుచ్చరు.

క్లాసులో నేర్పేవాటిలో మనకి అన్నిటికన్నా కష్టమైంది ఏమిటో తెలుసా? ఊరుకోవడం! ఒకావిడ చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు అవస్థ పడుతుంటే మన చేతులు ఊరుకోవు. చటుక్కున పెట్టేస్తాం. ప్రేమతోనే పెడతాం. కానీ రోజూ మనమే పెడితే, కొన్నాళ్లకి ఆవిడ వేళ్లు ఆ పని మర్చిపోతాయి. పిల్లకి ముగ్గు నేర్పేటప్పుడు చెయ్యి పట్టుకుని రెండు గీతలు గీయించి వదిలేస్తాం కదా, ఇదీ అంతే. ఎంత సాయం కావాలో అంతే చెయ్యాలి. మిగతాది వాళ్లు చేసుకునేదాకా పక్కన నిలబడాలి.

దీనికి ఇంకో మెట్టు ఉంది. షుగర్ ఉన్న పెద్దాయన పుట్టినరోజున కేకు ముక్క కావాలంటాడు. వీల్‌చెయిర్‌లో ఉన్న కుర్రాడు ఒక్కడే ట్రామ్ ఎక్కుతానంటాడు. మనం అయితే "వద్దు నాన్నా" అనేస్తాం. 1972లో అమెరికాలో రాబర్ట్ పెర్స్కీ అనే ఆయన దీని మీదే రాశాడు. మామూలు మనుషులందరూ తీసుకునే చిన్న చిన్న ప్రమాదాలు తీసుకునే హక్కు వీళ్లకీ ఉందని, అతిజాగ్రత్తతో ఆ హక్కు లాగేసుకుంటే వాళ్ల గౌరవమే తీసేసినట్టని. ఇక్కడి శిక్షణలో డిగ్నిటీ ఆఫ్ రిస్క్ అనే పాఠం అక్కడి నుంచి వచ్చిందే. అలాగని ఊరికే వదిలెయ్యమని కాదు. ఏం జరగొచ్చో వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలి, కేర్ ప్లాన్ చూడాలి, సూపర్‌వైజర్‌కి తెలియజెయ్యాలి. నిర్ణయం మాత్రం వాళ్లది. ఇది వంటబడితే, చెల్లీ, ఇంట్లో మామగారితో మాట్లాడే తీరు కూడా మారిపోతుంది.

సరే, అడగడానికి మొహమాటపడుతున్న ప్రశ్నకి వద్దాం. మగవాళ్లకి స్నానం చేయించాలా? డైపర్లు మార్చాలా? కొన్ని ఉద్యోగాల్లో అవును. మొదట్లో ఎవరికైనా బిడియమే, మనకి ఇంకాస్త ఎక్కువ. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఎంత బిడియంగా ఉంటుందో ఆలోచించు. అందుకే శిక్షణలో ప్రతి అడుగూ నేర్పుతారు. ముందు అడగాలి, సరే అన్నాకే ముట్టుకోవాలి, కడిగే చోటు తప్ప మిగతా ఒళ్లంతా తువ్వాలు కప్పి ఉంచాలి, గ్లవ్స్ వేసుకోవాలి, చెయ్యబోయేది ముందే చెప్పాలి. ఇలా పద్ధతిగా చేస్తుంటే బిడియం మెల్లగా తగ్గుతుంది. నీకు కుదరనిది ఏదైనా ఉంటే ఇంటర్వ్యూలోనే చెప్పు. మాంసం వండలేనంటే కూడా అప్పుడే చెప్పు. బజారు పనులు, డాక్టర్ దగ్గరికి తోడు, ఈతకొలనుకి తీసుకెళ్లడం, కబుర్లు చెప్పడం, ఇలాంటివే ఎక్కువగా ఉండే షిఫ్టులూ ఉంటాయి. వాటికి చాలాచోట్ల డ్రైవింగ్ లైసెన్సూ కారూ అడుగుతారు. కాబట్టి స్టీరింగ్ భయం ఈ నెలలోనే వదిలించుకోవాలి, సరేనా?

నడుం సంగతి మర్చిపోకు. ఇంట్లో మంచంలో ఉన్నవాళ్లని రెండు చంకల్లో చేతులేసి లేపేస్తాం మనం. ఇక్కడ అలా చెయ్యనే కూడదు. లేపడానికి హోయిస్ట్ అనే యంత్రం ఉంటుంది, దానికి స్లింగ్ తగిలించి లేపుతారు. ఇద్దరు ఉండాలని ప్లాన్‌లో రాసుంటే రెండో మనిషి వచ్చేదాకా ఆగాల్సిందే. "తొందరగా కానిచ్చెయ్, ఒక్కదానివే చెయ్యగలవులే" అని ఎవరన్నా తియ్యగా అన్నా సరే, లొంగకు. నడుం పోతే మన ఇల్లు ఎవరు చూస్తారు?

ఇంకో బెంగ, రాతపని. ప్రతి షిఫ్టు చివర ప్రోగ్రెస్ నోట్స్ రాయాలి. ఇందులో కిటుకు చిన్నదే. నీకు అనిపించింది రాయకు, చూసింది రాయి. "ఈరోజు ఆవిడ మొండికేసింది" అని రాస్తే తర్వాత వచ్చేవాళ్లకి ఏం తెలుస్తుంది? "8:30కి టిఫిన్ వద్దన్నారు, కంచం రెండుసార్లు పక్కకి జరిపారు, కుడి దవడ పట్టుకున్నారు, 9:15కి పెరుగు తిన్నారు" అని రాస్తే నర్సు వచ్చి పన్ను చూస్తుంది. ఎంత తేడానో చూశావా? ఒంటి మీద కమిలిన మచ్చ కనబడినా, ఎవరైనా వాళ్లని కసురుకోవడం చూసినా దాచకూడదు. సూపర్‌వైజర్‌కి వెంటనే చెప్పి, రాసి పెట్టాలి. ఏజ్డ్ కేర్ హోముల్లో తీవ్రమైన సంఘటనలు 24 గంటల్లోగా ప్రభుత్వానికి తెలియజెయ్యాలన్న నియమం 2021 ఏప్రిల్ నుంచి ఉంది. మన మంచితనం, సర్దుకుపోయే గుణం ఇక్కడ అడ్డు రాకూడదు.

ప్లేస్‌మెంట్ రోజులు కాస్త ఓపిక పట్టాల్సినవి. మామూలుగా జీతం ఉండదు, పొద్దున్నే ఏడింటికల్లా షిఫ్టు మొదలవుతుంది, పిల్లలుంటే ఇల్లు తలకిందులవుతుంది. అందుకే ఆ వారాలకి ముందే ఏర్పాటు చేసుకో. ఆయన సెలవులు అప్పటికి దాచమను. వంట ఆయన్నే చెయ్యమను, ఏం ఫరవాలేదు. అక్కడ ఒక మూల నిలబడకుండా, షిఫ్టు మారేటప్పుడు చెప్పుకునే హ్యాండోవర్‌లో చెవులు రిక్కించి విను, పేర్లు గుర్తుపెట్టుకో, లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే సంతకం పెట్టించుకో. ప్లేస్‌మెంట్ చేసిన చోటే ఉద్యోగం ఇచ్చినవాళ్లు ఎంతమందో.

చదువు నడుస్తుండగానే కాగితాలూ మొదలుపెట్టు. పోలీస్ చెక్ కావాలి. ఎన్‌డీఐఎస్ వైపు వెళ్తే వర్కర్ స్క్రీనింగ్ చెక్ కావాలి, అది వస్తే అయిదేళ్లు చెల్లుతుంది. ఎన్‌డీఐఎస్ అంటే 2013 చట్టంతో వచ్చిన పథకం, వైకల్యం ఉన్నవాళ్లకి కావలసిన సాయానికి ప్రభుత్వం డబ్బిస్తుంది. ఆ పథకం మీద నిఘా ఉంచే కమిషన్ పెట్టిన "క్వాలిటీ, సేఫ్టీ అండ్ యూ" అనే ఆన్‌లైన్ పాఠం గంటన్నరలో అయిపోతుంది, ఉచితం. పిల్లలతో పని అయితే దానికి వేరే చెక్. ఫస్ట్ ఎయిడ్ మూడేళ్లకోసారి, సీపీఆర్ ఏటా మళ్లీ చేసుకోవాలి. ఫ్లూ టీకా కూడా అడుగుతారు. అన్నీ ఒక ఫైల్లో పెట్టి, గడువు తేదీలు ఫోన్ క్యాలెండర్‌లో ఎక్కించు.

పని దొరికాక మన హక్కు మనం తెలుసుకోవాలి కదా? ఇంటింటికీ వెళ్లి చేసే సపోర్ట్ పనులకి స్కాడ్స్ అవార్డ్ అనే వేతన నియమావళి ఉంది. క్యాజువల్‌గా చేరితే మామూలు రేటు మీద 25 శాతం అదనం. హోమ్ కేర్‌లో, డిజెబిలిటీ పనుల్లో గంటకే పిలిచి గంటకే డబ్బిచ్చి పంపడం కుదరదు. 2022 జూలై నుంచి పిలిచిన ప్రతిసారీ కనీసం రెండు గంటల జీతం ఇవ్వాలి. ఒక క్లయింట్ దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి సొంత కారులో వెళ్తే కిలోమీటర్ల లెక్కన భత్యం ఉంది. "ఏబీఎన్ (సొంత వ్యాపార నంబరు) తీసుకో, నీకు నువ్వే యజమానివి" అని ఎవరైనా ఊరిస్తే, సూపర్ (రిటైర్మెంట్ పొదుపు), సెలవులు, ఇన్సూరెన్స్ ఎవరు కడతారో అడిగాకే ఒప్పుకో. అనుమానం వస్తే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌ని అడగడం ఉచితం. ఇంగ్లిష్‌లో చెప్పుకోలేకపోతే 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీ కావాలని అడుగు.

డబ్బు లెక్క సరే, మనసు సంగతేంటి? రోజూ మనతో కబుర్లు చెప్పిన పెద్దావిడ ఒకరోజు ఉండరు. మంచం దులిపి ఇంకొకరికి ఇస్తారు. ఏడుపొస్తే ఏడువు. అది బలహీనత కాదు. కానీ ఆ బరువంతా ఇంటికి మోసుకొచ్చి ఒక్కదానివే కూర్చోకు. చాలా సంస్థలు ఉద్యోగులకి ఉచిత కౌన్సెలింగ్ ఇస్తాయి, మొహమాటం లేకుండా వాడుకో. కొన్ని హద్దులూ ముందే పెట్టుకో. సొంత ఫోన్ నంబరు ఇవ్వకు, డబ్బూ నగలూ కానుకగా తీసుకోకు, సెలవు రోజున వెళ్లి పనులు చెయ్యకు. మొదట్లో కఠినంగా అనిపిస్తుంది. కానీ పదేళ్లు ఈ పనిలో సంతోషంగా ఉండాలంటే ఈ గీతలు కావాలి.

ఇంకో మాట, ఇది మనకే సొంతమైంది. మతిమరుపు జబ్బు ముదిరినకొద్దీ, తర్వాత నేర్చుకున్న ఇంగ్లిష్ జారిపోయి పుట్టుభాష ఒక్కటే మిగలడం చాలామందిలో చూస్తాం. పిల్లల కోసం ఈ దేశం వచ్చేసిన మన అమ్మానాన్నలూ ఇక్కడే పెద్దవాళ్లవుతున్నారు. "కాఫీ తాగుతారా పిన్నిగారూ?" అని తెలుగులో అడిగే మనిషి వాళ్లకి ఎంత అవసరమో! 2025 నవంబర్ 1న అమల్లోకి వచ్చిన కొత్త ఏజ్డ్ కేర్ చట్టం పెద్దవాళ్ల హక్కుల్లో వాళ్ల సంస్కృతికీ గుర్తింపు ఇచ్చింది. నీ తెలుగుని రెజ్యూమేలో ఒక మూల కాదు, పైన రాయి. టాస్మేనియా విశ్వవిద్యాలయం మతిమరుపు జబ్బు మీద ఉచితంగా నడిపే ఆన్‌లైన్ కోర్సు కూడా ఒకటుంది, ఇంట్లో కూర్చునే చేసెయ్యొచ్చు.

"జీవితాంతం ఇదేనా?" అంటావా? అక్కర్లేదు. ఇక్కణ్ణుంచి సర్టిఫికెట్ ఫోర్, డిప్లమా, నర్సింగ్, సోషల్ వర్క్, టీమ్ లీడర్, ఎన్ని మెట్లైనా ఉన్నాయి. ఇండియాలో నర్సింగో సోషల్ వర్కో చదివుంటే, ఆ కాగితాలు చూపించి కొన్ని పాఠ్యాంశాలకి మినహాయింపు అడగొచ్చు. ఇందులోనే ఉండిపోయినా అది తక్కువేం కాదు. ఒక మనిషి తన ఇంట్లో, తన పద్ధతిలో, తలెత్తుకుని బతకడానికి ఆసరా అవుతున్నావు.

కాబట్టి ఈ వారం మూడే పనులు. ఒకటి, వీసా నియమాలు చదువుకో. రెండు, దగ్గరి టాఫేకి ఫోన్ చేసి ఫీజు, ప్లేస్‌మెంట్ వివరాలు రాసుకో. మూడు, ఇప్పటికే ఈ పనిలో ఉన్న ఒక తెలుగమ్మాయిని పట్టుకుని అరగంట మాట్లాడు. ఊళ్లో అమ్మకి ఆ తర్వాత చెబుదువుగాని. నువ్వు చెయ్యగలవు, చెల్లీ. దొంగ సర్టిఫికెట్ల జోలికి మాత్రం పోకు. బాగా నేర్చుకో, ధైర్యంగా మొదలుపెట్టు.